గృహశాకకృషి: ఢిల్లీ ముఖర్జీ నగర్ పరిసరములు

ఒక కుటుంబము తాను నివసించు ఇంటి పెరటిని గాని, మిద్దెను గాని, వసారాను గాని, తుదకు కిటికీ గట్టును గాని ఆధారముగా గొని, తన వంటకు వలయు ఆకుకూరలను, కాయగూరలను, కరివేపాకు కొత్తిమీర పుదీనాలను స్వయముగా పండించుకొనుటకు గృహశాకకృషి యని పేరు. అమ్మకమునకు గాక స్వభోజనమునకై చేయబడుటయు, కూలివారిచే గాక ఇంటివారి తీరికవేళలలో సాగుటయు దీని ప్రధానలక్షణములు. తెలుగునాట దీనిని పెరటితోట యని చిరకాలముగా వ్యవహరింతురు. పెరడు లేని నగరగృహములలో నేలను విడిచి కప్పు మీదికెక్కిన రూపమునకు మిద్దెతోట, ఇంటిపంట అను పేర్లు ఇటీవల రూఢికి వచ్చినవి.

ఈ కృషి యెంతవరకు సాధ్యము, ఎంత శ్రమకు ఎంత ఫలము అను విచారణ స్థలమును బట్టి మారును. ఉత్తర ఢిల్లీలోని ముఖర్జీ నగర్ ఈ విచారణకు మిక్కిలి తగిన చోటు. ఏలయన అచ్చట భూమి ఇరుకు, జనసమ్మర్దము హెచ్చు, ఎండయు చలియు రెండును తీవ్రములు, దేశమునందలి మహావిపణులలో ఒకటైన ఆజాద్‌పూర్ కూరగాయల మండి కొలది కిలోమీటర్ల దూరముననే యున్నది. ఇన్ని ప్రతికూలతల నడుమ ఏ మొక్క నిలుచునో, ఏ శ్రమ సార్థకమగునో తెలిసికొన్నచో, ఇతరనగరములలోని తెలుగు కుటుంబములకును అది మార్గదర్శకము కాగలదు.

పూర్వచరిత్ర

మొక్కల పోషణము భారతదేశమున శాస్త్రముగా అభ్యసింపబడిన విద్య. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితయందు వృక్షాయుర్వేదమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమును కేటాయించెను. సురపాలుని వృక్షాయుర్వేదము ఆ విషయమునకే అంకితమైన గ్రంథము. తెలుగు పల్లెలలో ఈ విద్య గ్రంథముల నాశ్రయింపకయే, బావిగట్టున బచ్చలి తీగయు, దొడ్డిలో మునగచెట్టును, పందిరిపై సొర, బీర, చిక్కుడు తీగలును పెంచు గృహిణుల చేతులలో తరతరములుగా నిలిచినది. స్నానపు నీరు పారుచోట తోటకూర మడి కట్టుటయు, పొయ్యి బూడిదను పాదులలో చల్లుటయు, ముదిరిన కాయను విత్తనమునకై చూరున వ్రేలాడదీయుటయు ఆ గృహవిద్యలోని భాగములే.

ఆధునికయుగమున గృహశాకకృషి దేశాభిమానముతో ముడివడినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆహారపు కొరత యేర్పడగా, అమెరికాలో ప్రజలు తమ పెరళ్లను, ఖాళీస్థలములను విజయోద్యానములుగా మార్చిరి. 1943 నాటికి అట్టి తోటలు సుమారు 2 కోట్లకు చేరెననియు, ఆ దేశపు తాజా కూరగాయలలో దాదాపు 40 శాతమును అవి సమకూర్చెననియు అంచనా. బ్రిటనులోను అట్టి ఉద్యమమే సాగెను. భారతదేశమున ఆ యుద్ధకాలముననే అధికాహారోత్పత్తి ఉద్యమము ఆరంభమై, స్వాతంత్ర్యానంతరమును కొనసాగినది. 1948 నుండి 1950 వరకు గవర్నర్ జనరలుగా నున్న చక్రవర్తి రాజగోపాలాచారి ఢిల్లీలోని తన అధికారభవనపు ఆవరణలో గోధుమ పండింపజేసి ప్రజలకు ఆదర్శము చూపెను. 1965 నాటి క్లిష్టకాలమున ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి తన నివాసపు పచ్చికబయలును దున్ని సాగుచేసి, ఇంటింట అట్లే చేయవలెనని ప్రబోధించెను. సోవియట్ రాజ్యపతనానంతరము దిగుమతులు క్షీణించిన క్యూబాలో, హవానా నగరవాసులు ఖాళీస్థలములందు ఎత్తుమడులు కట్టి కూరగాయలు పండించిన వృత్తాంతము ప్రపంచప్రసిద్ధము.

తెలుగుదేశమున మిద్దెతోటలకు ప్రచారము కల్పించినవారిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి ముఖ్యుడు. హైదరాబాదు శివార్లలోని తన యింటి మిద్దెపై తోట నెలకొల్పి, తన అనుభవమును గ్రంథస్థము చేసి, ఎందరికో ఆయన దారి చూపెను. సాక్షి దినపత్రిక ఇంటిపంట యను శీర్షికను నడపి ఈ కృషిని మధ్యతరగతి గృహములకు చేర్చినది. ఢిల్లీ ప్రభుత్వమును 2022-23 బడ్జెట్టులో నగరవ్యవసాయమును ఒక కార్యక్రమముగా చేర్చి, పూసా సంస్థగా వ్యవహరింపబడు భారతీయ వ్యవసాయ పరిశోధనసంస్థ సహకారముతో దానిని నడపదలచెను.

స్థలస్వరూపము

1947 విభజనానంతరము లక్షలాది శరణార్థులకు ఆశ్రయమైన కింగ్స్‌వే క్యాంపునకు సమీపముననే ముఖర్జీ నగర్ వెలసినది. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఉత్తరప్రాంగణము దగ్గరగా నుండుటచేత విద్యార్థులును, సివిల్ సర్వీసుల పరీక్షలకు శిక్షణ నిచ్చు కేంద్రములు వెలయుటచేత దేశపు నలుమూలల నుండి అభ్యర్థులును ఇచ్చటికి చేరిరి. వారిలో తెలుగు యువకులును, యువతులును గలరు. చిన్న స్థలములలో అంతస్తుపై అంతస్తు లేచి, గదులు గదులుగా అద్దెకీయబడుటచేత పెరడు అనునది ఇచ్చట దాదాపు అదృశ్యమైనది. మిగిలినవి మూడు మాత్రమే: పై కప్పు, వీధివైపు వసారా, కిటికీ గట్టు. కప్పుపై నీటి తొట్లును, ఏసీ యంత్రముల బాహ్యభాగములును, బట్టలారవేయు తీగలును స్థలము నాక్రమించియుండును. అంతస్తుల వారీగా అమ్ముడైన భవనములలో కప్పుపై హక్కు సాధారణముగా ఒక్కరిదే యగుటచేత, తోట పెట్టదలచినవాడు కుండీ కొనుటకు ముందే ఆ హక్కుదారుని, ఇరుగుపొరుగుల సమ్మతిని పొందవలసియుండును.

ఎండ లభ్యత

వంగ, టమాట, మిరప, బెండ మొదలగు కాయలు కాచు మొక్కలకు దినమునకు 6 నుండి 8 గంటల నేరుటెండ కావలెను. ఆకుకూరలకు 3, 4 గంటలు చాలును. కావున మొదటి ప్రశ్న మన్నును గూర్చినది కాదు, ఎండను గూర్చినది.

ఢిల్లీ సుమారు 28.7 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. జూన్ 21వ తేదీ మధ్యాహ్నమున సూర్యుడు క్షితిజముపై దాదాపు 85 డిగ్రీల ఎత్తున, అనగా నడినెత్తికి కొంచెము దక్షిణముగా నిలుచును. డిసెంబరు 21వ తేదీన ఆ ఎత్తు 38 డిగ్రీలకు దిగును. దీనివలన రెండు ఫలితములు కలుగును. మొదటిది: దక్షిణాభిముఖమైన వసారాలోనికి చలికాలపు ఎండ లోతుగా ప్రవేశించును, వేసవిలో అంచునకు మాత్రమే తగులును. రెండవది: 12 మీటర్ల ఎత్తుగల భవనపు నీడ డిసెంబరు మధ్యాహ్నమున 15 మీటర్లకు మించి సాగును గాన, 5, 6 మీటర్ల వెడల్పుగల వీథిలో దక్షిణపు వరుస భవనముల నీడ ఎదుటి వరుస క్రింది అంతస్తులను పూర్తిగా కప్పివేయును. అట్టి అంతస్తులలో చలికాలమున కాయగూరల నాశింపరాదు; పుదీనా వంటి నీడ నోర్చు మొక్కలతో తృప్తి నొందవలెను. పై కప్పుకు ఈ బాధ లేదు. దాని బాధలు వేసవి తాపమును, బరువును.

కప్పుపై బరువు

నూతనముగా తోట వేయువారు మరచు విషయములలో ఇది ప్రధానము. భారతీయ ప్రమాణసంస్థవారి 875వ ప్రమాణము, రెండవ భాగము ననుసరించి, మనుష్యులు తిరుగుటకు వీలుగల చదునైన కప్పును చదరపు మీటరునకు 1.5 కిలోన్యూటన్ల, అనగా సుమారు 150 కిలోల బరువునకు తగినట్లు లెక్కకట్టుదురు. తడిసిన మామూలు మన్ను ఘనమీటరునకు సుమారు 1,700 కిలోలు తూగును. ఆ మన్నును 30 సెంటీమీటర్ల మందమున పరచినచో చదరపు మీటరునకు 500 కిలోలకు మించును. అది కప్పు ఓర్వదగిన బరువునకు మూడు రెట్లు. కొబ్బరిపొట్టు, చివికిన ఎరువు, కొలది మన్ను కలిపిన తేలికమిశ్రమము తడిసినను 800, 900 కిలోలకు మించకుండునట్లు చేయవచ్చును. దానిని 15 సెంటీమీటర్లు నింపినచో 120 నుండి 135 కిలోలగును. ఆ మందము ఆకుకూరల వేళ్లకు సరిపోవును. అప్పుడును తొట్లను కప్పు నడుమ గుంపుగా పెట్టక, క్రింద గోడలును దూలములును గల అంచుల వెంబడి అమర్చవలెను. లోతైన తొట్లను దూరదూరముగా ఉంచవలెను.

ఈ హెచ్చరిక వట్టి పుస్తకవిషయము కాదు. ముఖర్జీ నగర్ లోనే ఢిల్లీ అభివృద్ధి సంస్థ నిర్మించిన సిగ్నేచర్ వ్యూ గృహసముదాయము నివాసయోగ్యము కాదని నిపుణుల పరీక్షలో తేలగా, దానిని పడగొట్టవలెనని ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము 2024 డిసెంబరులో తీర్పు చెప్పినది. తోటలకును ఆ దోషమునకును సంబంధము లేదు. ఐనను కంటికి దృఢముగా తోచు కట్టడపు బలమును ఊహచే నిర్ణయింపరాదనుటకు అది చాలిన నిదర్శనము. పాతబడిన కప్పుపై తోట వేయుటకు ముందు ఇంజనీరు సలహా పొందుటయు, నీరింకకుండ పూత వేయించుటయు, తొట్ల క్రింద ఇటుకలు పెట్టి గాలి ఆడనిచ్చుటయు అవసరములు.

మన్ను, ఎరువు

యమునాతీరపు ఒండ్రునేల స్వభావతః సారవంతమైనదే. కాని నగరములోని త్రవ్వకములలో లభించు మన్ను ఇటుకముక్కలతోను, సిమెంటుతోను కలిసియుండుటచేత నేరుగా పనికిరాదు. మన్ను, చివికిన పశువుల ఎరువు లేక వానపాముల ఎరువు, కొబ్బరిపొట్టు సమభాగములుగా కలిపి, కొంచెము వేపపిండి చేర్చుట వాడుకలోనున్న పద్ధతి. పచ్చిపేడ వేసినచో వేళ్లు మాడి, వేరుపురుగు చేరును.

ఎరువును ఇంటిలోనే తయారుచేసికొనుట ఈ కృషికి ప్రాణప్రదము. కూరగాయల తొక్కలయందు నత్రజనియు, ఎండుటాకులయందు కర్బనమును హెచ్చు. కర్బనము నత్రజనికి 25 నుండి 30 రెట్లున్నచో కుళ్లు వాసన లేక చక్కగా చివుకును. కావున ఒక పాలు తొక్కలకు, వాటికి మించిన పరిమాణమున ఎండుటాకులు వేయవలెను. చలికాలాంతమునను వసంతారంభమునను ఢిల్లీ వీథులలో రాలు వేప, రావి ఆకులను మూటగట్టి దాచుకొన్నచో సంవత్సరమునకు సరిపోవును. వాటిని కాల్చుటను జాతీయ హరిత న్యాయాధికరణము 2015లో నిషేధించినది. ముఖర్జీ నగర్ కు అనతిదూరముననే 1994 నుండి నగరపు చెత్తను మోయుచున్న భలస్వా దిబ్బ పర్వతమువలె పెరిగియున్నది. తడిచెత్తను వేరుచేయవలెనని 2016 నాటి ఘనవ్యర్థముల నియమములు శాసించినవి. వంటింటి తొక్కలను మొక్కలకు మరలించు ప్రతి యిల్లు, ఆ దిబ్బకు పోవు బరువును ఆ మేరకు తగ్గించుచున్నది.

నీరు

ఒక చదరపు మీటరుపై 1 మిల్లీమీటరు నీరనగా 1 లీటరు. మే, జూన్ మాసములందు ఎండకును, లూ యను వడగాలికిని మడినుండి దినమునకు సుమారు 7, 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరియగును గాన, 10 చదరపు మీటర్ల తోటకు 70, 80 లీటర్ల నీరు కావలెను. నీటి సరఫరా నియతవేళలకు మాత్రమే వచ్చు కాలనీలలో ఇది చిన్న విషయము కాదు. బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీటిని దాచి పోయుట తెలుగు గృహిణుల పూర్వాచారమే. అది ఇచ్చట అక్షరాల ఉపయోగపడును. ఏసీ యంత్రమునుండి కారు నీటిలో లవణము లుండవు గాన మొక్కలకు హితము. ఆర్ఓ యంత్రము వదలు నీటిలో లవణములు సాంద్రమైయుండుటచేత దానిని ఎడతెగక పోసినచో మన్ను ఉప్పుదేలును.

వేసవిలో ఉదయము సూర్యోదయమునకు ముందును, సాయంకాలము కప్పు చల్లబడిన పిమ్మటను నీరు పోయవలెను. మన్నుపై ఎండుటాకులు పరచినచో నీరు నిలుచును. వర్షకాలమున సమస్య తారుమారగును: ఢిల్లీ వార్షికవర్షములో దాదాపు ముప్పాతిక భాగము జులై నుండి సెప్టెంబరు వరకు మూడునెలలలోనే కురియుటచేత, తొట్టి అడుగున రంధ్రములు మూసికొనిపోయినచో వేళ్లు కుళ్లును. తొట్ల క్రింది పళ్లెములలో నీరు నిలిచినచో డెంగీ వ్యాపింపజేయు దోమ అందు గ్రుడ్లుపెట్టి, పది దినములలోపలనే పిల్లదోమలను లేపును. కావున వారమున కొకసారియైనను వాటిని ఒలకబోసి తోమవలెను.

ఋతుచక్రము

హైదరాబాదు, విజయవాడల పంచాంగము ఢిల్లీలో చెల్లదు. టమాట ఇచ్చట మే మాసమున పూత రాల్చును. పగటి వేడిమి 35 డిగ్రీలు మించి రాత్రులు కూడ వెచ్చగా నున్నప్పుడు దాని పుప్పొడి ఫలింపదు. జనవరిలో కనిష్ఠోష్ణము 4 డిగ్రీలకు దిగిన రాత్రులందు బచ్చలి నల్లబడి మాడిపోవును, కరివేపాకు ఆకు రాల్చును, దొండ తీగ నిద్రించును.

దీనిని బట్టి సంవత్సరమును మూడు భాగములుగా విభజింపవచ్చును. అక్టోబరు నుండి మార్చి వరకు గల చల్లని కాలము పాలకూర, మెంతి, కొత్తిమీర, చుక్కకూర, ముల్లంగి, క్యారెట్టు, బఠాణీలకు స్వర్ణకాలము. కొత్తిమీర ఇచ్చట చిన్న తొట్టిలోనే గుబురుగా పెరుగును. ఫిబ్రవరి ద్వితీయార్ధము నుండి జూన్ వరకు దోస, సొర, బీర, కాకర, గోరుచిక్కుడులకు అనుకూలము. జూన్ చివరివారమున నైరృతి ఋతుపవనము ప్రవేశించిన పిదప బెండ, వంగ, మిరప, గోంగూర, తోటకూరలు ఏపుగా పెరుగును. శరత్తు చివరను, హేమంతమునను నగరమును కప్పు పొగమంచు ఎండను తగ్గించుటయే గాక ఆకులపై మసిని పరచును; వారమున కొకసారి ఆకులను నీటితో కడుగవలెను.

పైరుల యెన్నిక

ఈ కృషిలో ఫలాఫలములు ప్రధానముగా యెన్నికపై ఆధారపడియున్నవి. ఉల్లి, బంగాళాదుంప, క్యాబేజీల వంటివి దీర్ఘకాలము స్థలము నాక్రమించి, ఒక్కసారి మాత్రమే ఫలమిచ్చును, దూరప్రయాణమున చెడవు, 1977లో ఏర్పడిన ఆజాద్‌పూర్ మండికి రాసులుగా వచ్చి చౌకగా లభించును. వాటిని కప్పుమీద పండించుట శ్రమకు తగిన ఫలము కాదు. దీనికి విరుద్ధముగా ఆకుకూర కోసిన క్షణమునుండి వాడును. అందలి సి విటమిను వేడిమిలో త్వరితముగా నశించును. వంటకు చిటికెడు చాలినప్పుడును బజారులో కట్ట కొనవలసివచ్చును. కావున త్వరగా వాడునది, తరచుగా వలయునది, కొలదికొలదిగా కోసికొనదగినది ఇంట పండింపదగినది.

తెలుగు కుటుంబమునకు మరియొక కారణము గలదు. ఢిల్లీ బజారులో పాలకూరయు మెంతియు సమృద్ధిగా దొరకును గాని, గోంగూర, చుక్కకూర, బచ్చలి, పసుపుపచ్చని పప్పుదోసకాయ వీథిచివరి బండిపై కానరావు. దాక్షిణాత్యుల వస్తువులమ్ము దూరపు విపణులకు పోవలెను. గోంగూరను ఫిబ్రవరి నుండి జులై వరకు విత్తవచ్చును. 30, 40 దినములలో ఆకు కోతకు వచ్చును. తల త్రుంచినకొలది ప్రక్కకొమ్మలు వేయును. పగలు కుంచించుకొను అక్టోబరులో అది పూతకు వచ్చి ఆకు చిన్నబడును గాన, అటుపిమ్మట దానిని విత్తనమునకు విడువవలెను. తోటకూర 25, 30 దినములలో సిద్ధమగును. బచ్చలి కాడముక్క నాటినను చిగిర్చును. వసారా కటకటాలే దానికి పందిరి. కరివేపాకు ఓర్పును కోరు మొక్క: దాని గింజలు కొలది వారములలోనే మొలకశక్తిని కోల్పోవును, నాటిన పిదప రెండు మూడేండ్లకు గాని ధారాళముగా ఆకు కోయరాదు, చలిరాత్రులందు దానిని గోడవారకు చేర్చి కాపాడవలెను. దొండను విత్తనముచే గాక, కాయలు కాచిన ఆడతీగ ముక్కలచే ప్రవర్ధింపజేయవలెను.

విత్తనముల విషయమున ఢిల్లీవాసులు అదృష్టవంతులు. 1905లో బీహారులోని పూసా గ్రామమున స్థాపింపబడి, 1934 నాటి భూకంపమున దెబ్బతిని, 1936లో ఢిల్లీకి తరలివచ్చిన భారతీయ వ్యవసాయ పరిశోధనసంస్థ, కూరగాయలలో అనేక మేలిరకములను సృష్టించి వాటికి తన పాతవూరి పేరే పెట్టినది. పూసా రూబీ టమాట, పూసా జ్వాల మిరప, పూసా నవబహార్ గోరుచిక్కుడు, పూసా నవీన్ సొర, పూసా దో మౌసమీ కాకర, వేసవిలోను ఊరు పూసా చేత్కీ ముల్లంగి అట్టివి. ఆ సంస్థ ప్రతిసంవత్సరము శీతకాలాంతమున జరుపు కృషివిజ్ఞానమేళాలో వీటి విత్తనములు లభించును. 1963లో ఏర్పడిన జాతీయ విత్తనసంస్థ ప్రధానకార్యాలయమును పూసా ఆవరణముననే కలదు. ఇవి సంకరరకములు కానిచో వాటి గింజను దాచి మరుసటి యేడు విత్తుకొనవచ్చును. సంకరరకముల గింజ తల్లిగుణమును నిలుపదు.

చీడపీడలు

కప్పుపై తోటకు పొలముకంటె చీడలు తక్కువ యనుట పాక్షికసత్యము. పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి గాలివాటున ఏ యంతస్తునకైనను చేరును. తెల్లదోమ బెండకు పల్లాకు తెగులును తెచ్చును. అరువదవ దశకమున ప్రఖ్యాతి గాంచిన పూసా సావనీ బెండ మొదట ఆ తెగులునకు తట్టుకొని, కాలక్రమమున ఆ శక్తిని కోల్పోయినది. అందుచే నేడు బెంగళూరులోని ఉద్యాన పరిశోధనసంస్థ రూపొందించిన అర్క అనామిక వంటి రకములను ఎన్నుకొందురు. మొదటిదశలో చీడను చేతితో తుడిచివేయుట, నీటి ధారతో రాల్చుట, లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రి నానవేసి వడగట్టి చల్లుట చాలును. తీవ్రమైన పురుగుమందులు ఇంటికప్పుపై నిషిద్ధములుగా భావింపవలెను. ఆ ఆకునే రేపు వండుదుము గదా.

కోతులును పావురములును ఢిల్లీ తోటలకు ప్రత్యేకబాధలు. వల కట్టుట తప్ప సులభోపాయము లేదు. ఎత్తైన అంతస్తులలో తేనెటీగలు అరుదైనచో సొర, బీర, గుమ్మడి పిందెలు పండుబారి రాలును. అప్పుడు మగపువ్వును త్రుంచి, దాని పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రమునకు అద్దవలెను. గుమ్మడికి ఉదయము, సొరకును బీరకును సాయంకాలము తగినవేళ.

కాలుష్యము, ఆరోగ్యము

నజఫ్‌గఢ్ కాలువ నగరపు మురుగును మోసికొనివచ్చి వజీరాబాదు దిగువను యమునలో కలియును. ఆ దిగువతీరమున మురుగు తగిలిన నీటితో పండిన కూరలలో సీసము మొదలగు భారలోహములు కానవచ్చుటచేత, జాతీయ హరిత న్యాయాధికరణము 2015 జనవరిలో యమునా ముంపుభూములపై ఆహారపంటల సాగును నిషేధించినది. తన నీటిని, మన్నును తానే యెన్నుకొను గృహస్థునకు ఈ భయము తగ్గును, కాని తొలగదు. రద్దీ వీథిప్రక్క మన్నును, పాత రంగులు రాలిన గోడమూలల మన్నును తొట్లలో వాడరాదు. ఆకును ధారాళముగా కడిగి వండవలెను.

శ్రమ, దిగుబడి, వ్యయము

జాతీయ పోషకాహారసంస్థ 2011లో ప్రకటించిన సూచనల ప్రకారము, ఒకరికి దినమునకు 300 గ్రాముల కూరగాయలు కావలెను. అందు 50 గ్రాములు ఆకుకూర. నలుగురు గల కుటుంబమునకు దినమునకు 1.2 కిలోలు, సంవత్సరమునకు సుమారు 438 కిలోలగును. వ్యవసాయశాస్త్రజ్ఞులు ఐదుగురి కుటుంబపు అవసరములన్నిటికిని 200 నుండి 250 చదరపు మీటర్ల పెరటితోట కావలెనని చెప్పుదురు. ముఖర్జీ నగర్ లో ఒక కుటుంబమునకు 10 చదరపు మీటర్లు దొరకుటయే విశేషము. కావున ఇంటికూరయంతయు ఇంటనే పండించు స్వప్నము ఇచ్చట సాధ్యము కాదు. దానిని నమ్మి ఆరంభించినవారు తొలివేసవిలోనే నిరుత్సాహపడుదురు.

లెక్కను ఆకుకూరకు పరిమితము చేసినచో ఫలితము వేరుగా నుండును. నలుగురికి వలయు ఆకుకూర సంవత్సరమునకు 73 కిలోలు. చదరపు మీటరు మడి ఒక్కొక్క కాపునకు సుమారు 1 కిలో ఆకు నిచ్చును. ఏడాదికి ఆరేడు కాపులు తీయవచ్చును. అనగా 10 చదరపు మీటర్లు 60, 70 కిలోల నొసగును. ఇంటి ఆకుకూర యవసరము దాదాపు తీరును. ఎండ తక్కువైనను ఓర్చునవి, పలుచని మన్నున పెరుగునవి, కప్పునకు బరువు కానివి, బజారున తాజాగా దొరకనివి అన్నియు ఆకుకూరలే యగుట యాదృచ్ఛికము కాదు. స్థలము విధించిన నియమములన్నియు ఏకముఖముగా ఆకునే చూపుచున్నవి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కలలో, శ్రద్ధగా నడపిన ఒక చదరపు మీటరు సూక్ష్మతోట సంవత్సరమునకు 30 కిలోల టమాటల నీయగలదని యున్నది. అది నిపుణుల పర్యవేక్షణలో సాధ్యము, ఆరంభకుల కొలబద్ద కాదు.

10 చదరపు మీటర్ల తోటకు దినమునకు అరగంట పని సామాన్యము. మడి మార్చు వారములలో ఒక పూట పట్టును. శ్రమ పరిమాణము స్వల్పమేగాని దానికి విరామము లేదు. వేసవిలో రెండుదినములు నీరు తప్పినచో నెలశ్రమ నశించును. ఊరికి పోవువారు నీరు పోయు పొరుగువారిని ముందే కుదుర్చుకొనవలెను. ధనదృష్టితో చూచినచో తొట్లు, మిశ్రమము, వల కొనిన మొదటియేడు లాభము చూపదు. ఎరువును ఇంట చేసికొని, గింజను దాచుకొని, పాత బకెట్లను, డబ్బాలను వాడుకొన్నవారికి రెండవ మూడవ యేండ్లనుండి వ్యయము మిక్కిలి తగ్గును.

అద్దెగదులలో

పరీక్షలకు చదువు విద్యార్థి ఒకటి రెండు సంవత్సరములకంటె ఒక గదిలో నిలువడు. అతనికి మోసికొనిపోదగిన రెండుమూడు కుండీలే తోట: ధనియాలను రెండు బద్దలుగా నలిపి విత్తిన కొత్తిమీర, కాడ గ్రుచ్చిన పుదీనా, ఒక మిరపమొక్క. కిటికీ కూడ లేని గదిలో తడిబట్టలో మూటగట్టిన పెసలు రెండుదినములలో మొలకలగును. మన్ను లేని ఆ పంట, వంటకు తీరికలేని విద్యార్థి భోజనమునకు తాజాదనమును చేర్చును. చదువు నడుమ ఉదయమున పది నిమిషములు మొక్కకు నీరు పోసి, క్రొత్త ఆకును గమనించుట మనస్సునకును విశ్రాంతి.

విలువ నిర్ణయము

గృహశాకకృషి ముఖర్జీ నగర్ వంటి చోట మండికి ప్రత్యామ్నాయము కాదు, దానికి పూరకము. దాని సాధ్యత కృషీవలుని ఉత్సాహముకంటె అతని వివేకముపై ఆధారపడియున్నది: ఎండను కొలిచి, కప్పు బలమును తెలిసికొని, ఋతువు ననుసరించి, తూకమును విడిచి తాజాదనమును కోరి, ఆకుకూరలతో ఆరంభించి, చేయి తిరిగిన పిదప కాయలకు పోవువాడు సఫలుడగును. అట్టివాడు తన పళ్లెమునకు శుభ్రమైన ఆకును, నగరపు చెత్తకు తగ్గుదలను మాత్రమే గాక, రైతు పడు శ్రమను గూర్చిన యథార్థజ్ఞానమును కూడ సంపాదించును. కట్ట గోంగూర ధర హెచ్చినదని బజారులో వాదులాడుటకు ముందు, ఆ కట్టను పెంచుటకు ఎన్ని నీళ్లు, ఎన్ని ఉదయములు పట్టునో తెలిసిన కొనుగోలుదారులు నగరమున హెచ్చుట, నగరమునకును రైతునకును శ్రేయోదాయకము. పిల్లలు గల ప్రతి యింటను, ఎంత చిన్నదైనను ఒక మడి యుండవలెననుటకు ఈ యొక్క కారణమే చాలును.